అంతా రాతపూర్వకంగానే జరిగింది

ఐరోపావారు ప్రపంచాన్ని తుపాకులతో జయించారనే అపవాదు ఒకటి చాలాకాలంగా చెలామణీలో ఉంది. ఇంత అన్యాయమైన నింద వింటూ ఊరుకోవడం నాలుగు పుస్తకాలు తిరగేసినవాడికి తగదు కనుక, నిందితుల పక్షాన కొన్ని మాటలు మనవి చేస్తాను. తుపాకి ఎవడైనా పేలుస్తాడు. దారిదోపిడీగాడికీ తుపాకి ఉంటుంది. కానీ దారిదోపిడీగాడు రసీదు ఇవ్వడు, సాక్షి సంతకాలు పెట్టించడు, దోచిన సొమ్ముకు చిట్టా ఆవర్జాలు రాసి వాటాదారులకు లాభం పంచిపెట్టడు. పదిహేడో శతాబ్దం మొదలుకొని 1914 దాకా ఐరోపా వర్తక రాజ్యాలు చేసిన పనులను ఓపికగా పరిశీలిస్తే, కాగితం మీద పెట్టకుండా వారు చీమకైనా హాని తలపెట్టలేదని ఒప్పుకోక తప్పదు.

1600 డిసెంబరు 31న ఎలిజబెత్ రాణి లండన్ వర్తకులకు ఒక పట్టా రాసి ఇచ్చింది. పదిహేనేళ్లపాటు తూర్పు దేశాల వ్యాపారం ఇంగ్లండులో వారికి తప్ప మరొకరికి చెల్లదని దాని సారాంశం. 1602 మార్చి 20న డచ్చి ప్రభుత్వం తన కంపెనీకి ఇచ్చిన పట్టా ఇంకా ధారాళమైనది: గుడ్ హోప్ అగ్రానికి తూర్పున కంపెనీవారు కోటలు కట్టుకోవచ్చు, సైన్యాన్ని పెట్టుకోవచ్చు, రాజులతో సంధులు కుదుర్చుకోవచ్చు. మన వైపు కిరాణా కొట్టుకు లైసెన్సు ఇచ్చేటప్పుడు పక్క వీధి మీద దండెత్తవచ్చునని రాయరు. మన కిరాణా కొట్లు కిరాణా కొట్లుగానే మిగిలిపోవడానికి కారణం ఇదేనని నా అనుమానం.

ఈ డచ్చివారినే మన పెద్దలు వలందావారు అనేవారు. బందరులో వలందపాలెం ఇప్పటికీ ఉంది. వారు బందరు రేవుకు వచ్చింది మన మీద మమకారంతో కాదు. ఇండోనేషియా తూర్పు కొసన బాందా అనే చిన్న దీవుల గుంపు ఉంది. జాజికాయ, జాపత్రి ఆ రోజుల్లో లోకం మొత్తానికీ అక్కడినుంచే రావాలి. ఉక్కబోతలో ఐరోపా ఉన్ని కట్టుకునే వెర్రి అక్కడి జనానికి లేదు. వారికి కావలసింది కోరమండల తీరపు నూలు బట్ట. కాబట్టి ఇక్కడ నేత బట్టలూ అద్దకం బట్టలూ కొని, అక్కడ ఇచ్చి, జాజికాయ పుచ్చుకుని, ఆమ్‌స్టర్‌డామ్‌లో అమ్మడం కంపెనీ పద్ధతి. సుగంధ ద్రవ్యాల దీవులకు కోరమండల తీరం ఎడమ చెయ్యి వంటిదని వలందా అధికారి ఒకాయన 1612లోనే రాశాడు. కుడి చేతిలో ఏముందో బాందావారికి త్వరలోనే తెలిసింది.

బాందాలో రాజు లేడు, ఊరి పెద్దలు ఉండేవారు. వారిని ఒరాంగ్ కాయా అంటారు. కలిగినవారు అని దాని అర్థం; జాజికాయలోని కాయకూ దానికీ చుట్టరికం లేదు. రాజు లేని చోట ఒప్పందం మీద సంతకం ఎవరు పెట్టాలన్నది చిక్కు ప్రశ్న. దొరికినవారి చేత పెట్టించడమే కంపెనీ కనిపెట్టిన జవాబు. ఇక మీదట జాజికాయ మాకు తప్ప ఎవరికీ అమ్మరాదని ఆ కాగితంలో ఉంది. సంతకం పెట్టిన పెద్దలు దాన్ని అంతగా పట్టించుకోలేదు, పెట్టని పెద్దలు అసలే పట్టించుకోలేదు. బియ్యమూ సగ్గూ జావా వైపునుంచి పడవల్లో వచ్చేవి కనుక ఆ పడవలవారికి అమ్ముకుంటూనే పోయారు. వలందావారు తెచ్చే బట్టను ఉడకబెట్టుకుని తినలేరు గదా.

యుద్ధం లేనిదే వ్యాపారం సాగదు, వ్యాపారం లేనిదే యుద్ధం సాగదు అనే భావంతో యాన్ పీటర్స్‌జోన్ కూన్ అనే యువకుడు 1614లో తన డైరెక్టర్లకు ఉత్తరం రాశాడు. అప్పటికి ఆయన ఉద్యోగం ఆసియాలో కంపెనీ జమాఖర్చులు చూడటం. పాఠకులు దీన్ని ప్రత్యేకంగా గమనించాలి. మన పల్లెల్లో కరణం కలం తీస్తేనే మోతుబరులు లేచి నిలబడేవారు. ఆ కరణం చేతికి కత్తి కూడా ఇస్తే ఏమవుతుందో 1621లో బాందా చూసింది. గవర్నర్ జనరల్ హోదాలో కూన్ ఓడలు తీసుకుని వచ్చాడు. కాగితం ఉల్లంఘించిన నేరానికి 40 మందికి పైగా ఊరి పెద్దలను కోట దగ్గర వెదురు దడి లోపల నిలబెట్టి, కూలికి తెచ్చుకున్న జపాను సిపాయిల చేత తలలు తీయించాడు. సుమారు 15,000 మంది జనంలో చంపబడినవారూ, కొండలమీద ఆకలికి చచ్చినవారూ, పడవలెక్కి పారిపోయినవారూ, బానిసలుగా ఎగుమతి అయినవారూ పోగా దీవుల్లో మిగిలింది వెయ్యికి అటూ ఇటూ అని చరిత్రకారులు అంచనా కడతారు. తోటలను 68 చెక్కలుగా కోసి, కొలిచి, హద్దులు రాసి, డచ్చి కాపులకు ఇచ్చారు. పని చేయడానికి బానిసలను తెచ్చారు. చెట్టు ఎలా పెంచాలో కొత్తవారికి తెలియదు కనుక, మిగిలిన బాందావారి చేతనే ఆ విద్య నేర్పించారు.

కంపెనీ డైరెక్టర్లను పదిహేడుగురు పెద్దమనుషులు అనేవారు. నేను పెట్టిన పేరు కాదు, వారి అధికారిక నామధేయమే అది. ఇంకొంచెం మెత్తగా చేసి ఉండవలసిందని వారు కూన్‌ను మందలించారు, ఆ పైన బహుమానమూ ఇచ్చారు. మందలింపు ఒక పద్దు, బహుమానం మరొక పద్దు. రెంటినీ ఒకే గడిలో వేయడం జమాఖర్చుల శాస్త్రానికి విరుద్ధం.

ఆ గుంపులోనే రన్ అనే దీవి, పొడవు మూడు కిలోమీటర్లు, కొంతకాలం ఇంగ్లీషువారి చేతిలో ఉంది. మొదటి జేమ్స్ రాజు బిరుదావళిలో ఇంగ్లండు, స్కాట్లండుల సరసన ఈ దీవి పేరు కూడా చేర్చారంటే దాని గౌరవం ఊహించుకోవచ్చు. 1667లో బ్రెడా సంధిలో రన్ వలందావారికి ఖాయమైంది; వారి చేయి జారిపోయిన మాన్‌హటన్ ఇంగ్లీషువారికి ఖాయమైంది. ఈ రోజు న్యూజెర్సీ నుంచి రైలెక్కి మాన్‌హటన్‌లో ఉద్యోగానికి వెళ్లే తెలుగు ఇంజనీరు, తాను దిగుతున్న చోటు ఒకనాడు జాజికాయ తోటతో త్రాసులో తూగిందని తెలిస్తే ఇంటద్దె విషయంలో కొంత ఊరట పొందవచ్చు.

ఇక మన దేశం సంగతి అందరికీ తెలిసిందే కనుక ఒక్క కాగితంతో సరిపెడతాను. 1765 ఆగస్టు 12న షా ఆలం చక్రవర్తి బెంగాల్, బిహార్, ఒరిస్సాల దివానీని, అంటే శిస్తు వసూలు హక్కును, ఏటా 26 లక్షల రూపాయలు చెల్లించే షరతుతో ఇంగ్లీషువారి కంపెనీకి రాసి ఇచ్చాడు. సింహాసనం అందుబాటులో లేకపోవడంతో క్లైవ్ గారి డేరాలో భోజనాల బల్ల మీద కుర్చీ వేసి చక్రవర్తిని కూర్చోబెట్టారు. గాడిదను బేరమాడడానికి పట్టేంత సేపు కూడా ఈ వ్యవహారానికి పట్టలేదని ఆ కాలపు చరిత్రకారుడు గులాం హుస్సేన్ ఖాన్ వాపోయాడు. ఆయనకు కాగితం విలువ తెలియదు పాపం. గాడిదను కొంటే పళ్లు చూడాలి, నడిపించి చూడాలి. రాష్ట్రాన్ని కొంటే మొహరు చూస్తే చాలు. ఐదేళ్లు తిరగకుండా బెంగాల్లో కరువు వచ్చింది. జనంలో మూడోవంతు పోయారని వారన్ హేస్టింగ్స్ స్వయంగా అంచనా వేసి, అయినా 1771 శిస్తు వసూలు 1768 నాటి వసూలును మించిందని పైవారికి తెలియజేశాడు. చచ్చినవారి వాటా బతికినవారి మీద వేస్తే లెక్క సరిపోతుంది. జనం తగ్గినా జమ తగ్గకూడదు అనేది వర్తక ధర్మం.

చైనాలో ఈ ధర్మం మరింత నాజూకుగా వెల్లడైంది. బెంగాల్లో పండిన నల్లమందును ఇంగ్లీషు వర్తకులు చైనాలో దొంగచాటుగా అమ్ముతుంటే, లిన్ జెషు అనే అధికారి 1839లో 20,000 పెట్టెలకు పైగా పట్టుకుని, ఉప్పూ సున్నమూ కలిపి నీటిలో నాశనం చేయించాడు. ఆయన చేసిన పొరపాటు ఒక్కటే, సరుకు దొంగదే అయినా దానికి బిల్లు ఉందని మరచిపోవడం. 1842 ఆగస్టు 29న ఇంగ్లీషువారి యుద్ధ నౌక మీద నాన్‌కింగ్ సంధి జరిగింది. 2 కోట్ల 10 లక్షల వెండి డాలర్లు చైనా చెల్లించాలి. అందులో నాశనమైన నల్లమందు ఖరీదు 60 లక్షలు, చైనా వర్తకులు పడిన బాకీలు 30 లక్షలు, చైనాను కొట్టడానికి అయిన ఖర్చు 1 కోటి 20 లక్షలు. తన్నినవాడు తన చెప్పు అరిగిందని ఖరీదు కట్టి వసూలు చేయడం మనకు సామెతల్లోనైనా దొరకదు. హాంకాంగ్ దీని మీద కొసరు.

అయితే కాగితపు కళ పరాకాష్ఠకు చేరింది ఆఫ్రికాలోనని నా నిశ్చితాభిప్రాయం. 1884 ఏప్రిల్ 1న కాంగో నది ప్రాంతంలో న్గోంబి, మఫేలా అనే చోట్ల పెద్దలు బెల్జియం రాజు లియొపోల్డ్ మనుషులతో ఒక దస్తావేజు రాసుకున్నారు. తమ భూముల మీద ఏలుబడిని, దారుల సుంకాలను, వేటను, చేపలను, గనులను, అడవులను పుత్రపౌత్ర పారంపర్యంగా ధారపోయడమే కాక, పిలిచినప్పుడు పనికి మనుషులను పంపడానికీ వారు మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారట. దీనికి ప్రతిఫలంగా సంతకం పెట్టిన ఒక్కొక్క పెద్దకు నెలకు ఒక తాను గుడ్డ ముడుతుంది. రాసిన రోజున చేతికిచ్చిన గుడ్డ అదనం. మన సబ్ రిజిస్ట్రారు ఆఫీసు బయట చెట్టుకింద కూర్చునే దస్తావేజు లేఖరి కూడా కళ్లజోడు తీసి మరోసారి చదివే పత్రం ఇది. ఇలాంటి కాగితాల కట్టలు చంకన పెట్టుకుని లియొపోల్డ్ లోకం ముందుకు వచ్చాడు. ఆ నవంబరులో బెర్లిన్‌లో జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ ఇంట 14 రాజ్యాల ప్రతినిధులు ఆఫ్రికా పటం కింద సమావేశమయ్యారు. ఆఫ్రికావారిని పిలవలేదు. పెళ్లికూతురు లేకుండా పెళ్లిచూపులు జరిపినట్టుందని కొందరు ఎద్దేవా చేస్తారు గాని, కట్నం మాట్లాడుకోవడానికి పెళ్లికూతురు ఎందుకు?

ఆ తరువాత లియొపోల్డ్ సొంతమైన కాంగోలో రబ్బరు వసూళ్లు మొదలయ్యాయి. సిపాయిలకు ఇచ్చిన తూటాలు కోతుల వేటకు వృథా కాకూడదని, పేల్చిన తూటాకు లెక్క చూపాలని ఒక నిబంధన పెట్టారు. చంపిన మనిషి కుడి చెయ్యి నరికి తెస్తే తూటా సద్వినియోగమైనట్టు. ఆఫీసరు దగ్గరకు చేరేలోపు కుళ్లిపోకుండా ఆ చేతులను పొగబెట్టి, బుట్టలకెత్తి తెచ్చేవారు. వేటకు తూటా వాడేసిన సిపాయి లెక్క సరిపెట్టడానికి బతికి ఉన్నవాడి చెయ్యి నరికి తెచ్చిన సందర్భాలు ఉన్నాయి. కాగితం దొరకని అడవిలో కూడా రసీదు లేకుండా పని జరగనివ్వని ఆ క్రమశిక్షణను ఏమని వర్ణించగలం? చివరికి వారిని పట్టించినదీ లెక్కే. ఎడ్మండ్ మొరెల్ అనే గుమాస్తా ఓడల పద్దులు చూస్తూ, కాంగో నుంచి రబ్బరూ దంతమూ దిగుతున్నాయి, ఎక్కేవి మాత్రం చాలావరకు తుపాకులూ మందుగుండే, మరి కూలికి బదులుగా వెళ్లే సరుకేదని ఆలోచించి గుట్టు బయటపెట్టాడు. గుమాస్తాలలో అప్పుడప్పుడు ఇలాంటి అప్రయోజకులు పుడుతుంటారు. 1908లో బెల్జియం ప్రభుత్వం ఆ దేశాన్ని రాజు చేతినుంచి తన చేతికి మార్చుకుంది.

ఇంతటి నిష్ఠాపరుల మధ్య యుద్ధం ఎలా వచ్చిందని అడుగుతారు. కాగితం మీద గౌరవంతోనే వచ్చింది. చైనాలో నల్లమందు పెట్టెలు నీటిపాలైన ఏడాదిలోనే, అంటే 1839లోనే, ఏప్రిల్ 19న లండన్‌లో మరో ఒప్పందం మీద పెద్ద రాజ్యాలన్నీ సంతకాలు చేశాయి. బెల్జియం తటస్థ దేశమని, దాని జోలికి ఎవరూ పోకూడదని అందులో ఉంది. ఇంగ్లండు తరఫున సంతకం పామర్‌స్టన్‌ది. చైనా మీదికి నౌకలు పంపిన మంత్రీ ఆయనే. 1914 ఆగస్టు 4న జర్మనీ సేనలు బెల్జియంలోకి వచ్చాయి. ఒక చిత్తుకాగితం కోసం మా మీద యుద్ధానికి వస్తారా అని జర్మనీ ఛాన్సలర్ బేట్‌మాన్ హోల్వెగ్ బ్రిటిష్ రాయబారి ముందు వాపోయాడు. ఆ మాట విని ఇంగ్లండు అంతా చెవులు మూసుకుంది. రాసుకున్నదాన్ని చిత్తుకాగితం అనడం! అందునా బలహీనమైన దేశానికి రాసిచ్చినదాన్ని! ఈ నీతిని నిలబెట్టడానికి జరిగిన యుద్ధంలో భారతదేశం నుంచి 10 లక్షల మందికి పైగా సముద్రాలు దాటి వెళ్లారు. 1917లో భారతదేశం 10 కోట్ల పౌండ్లు కానుకగా కూడా ఇచ్చింది. ఆ కానుక ఇవ్వాలని భారతదేశం తరఫున నిర్ణయించినవారూ ఇంగ్లీషువారే కావడం వల్ల రాతకోతలకు ఆలస్యం కాలేదు.

యుద్ధానంతరం 1919 జూన్ 28న వెర్సాయ్‌లో మరో కాగితం మీద సంతకాలయ్యాయి. 1921లో జర్మనీ బాకీని 13,200 కోట్ల బంగారు మార్కులుగా తేల్చారు. మధ్యలో హిట్లరు వచ్చిపోయాడు, ఇంకో ప్రపంచయుద్ధం జరిగిపోయింది, దేశం రెండు ముక్కలై మళ్లీ ఒకటైంది. అయినా ఆ బాకీ తీర్చడానికి ఎత్తిన అప్పుల మీద చివరి కిస్తీని 2010 అక్టోబరు 3న జర్మనీ చెల్లించింది. మన ప్రోనోటుకు మూడేళ్లకే కాలదోషం పడుతుంది. వారి కాగితానికి 90 ఏళ్లు దాటినా పట్టలేదు.

ఈ లెక్కన న్గోంబి, మఫేలా పెద్దల దస్తావేజుకు మాత్రం కాలదోషం పట్టిందనడం ఐరోపావారి నిజాయితీని శంకించడమే అవుతుంది. అందులో రాసిచ్చినది శాశ్వతంగా అని ఉన్నప్పుడు, ప్రతిఫలమూ శాశ్వతమే కావాలి. 1884 ఏప్రిల్ 1 నుంచి జర్మనీవారు కిస్తీ కట్టిన 2010 అక్టోబరు దాకా నెలకొక తాను చొప్పున కట్టి చూశాను: తలకు 1,518 తానులు. వడ్డీ వేరే కాగితం మీద వేయాలి.