బాలి ప్రయాణమూ, పనస తొనలూ

మా పిన్నీ బాబాయీ బాలి ప్రయాణానికి పెట్టె సర్దుకుంటున్న సాయంత్రం నేను వాళ్లింట్లో కాఫీ తాగుతూ కూర్చున్నాను. నోరు విప్పే సందు నాకు దొరకలేదు గనుక విన్నది విన్నట్టే రాస్తున్నాను.

పిన్ని: ఏమండీ, మడత పెట్టిన చీరల మధ్య ఈ కత్తిపీట ఎందుకుంది?

బాబాయి: మూడో రోజు "ఎయిర్ పనస్ బంజార్" చూడాలని కాగితం మీద రాసింది నువ్వే కదా! ఉద్దానంలో పుట్టినవాడిని, కత్తిపీట లేకుండా పనస తోటకు వెళ్తానా? చేతులకు బంక అంటకుండా నువ్వుల నూనె సీసా కూడా చేతిసంచిలో పెట్టుకున్నాను.

పిన్ని: చేతిసంచిలో 100 మిల్లీలీటర్లు దాటిన సీసా ఉంటే విమానాశ్రయంలోనే తీసి పక్కన పడేస్తారు, మీది అరలీటరు. కత్తిపీట సంగతి మాత్రం వాళ్లకు మీరే వివరించుకోండి, నేను వేరే వరుసలో నిలబడతాను.

బాబాయి: ముందు "ఎయిర్" అని ఎందుకు తగిలించారో ఆలోచించావా? పనస ఎక్కువ తింటే కడుపులో గాలి చేరుతుందని పేరులోనే హెచ్చరించిన నిజాయితీపరులు వాళ్లు.

పిన్ని: దాన్ని "ఆయిర్" అని పలకాలి, వాళ్ల భాషలో నీళ్లని అర్థం. అక్కడ కుళాయి నీళ్లు తాగకూడదు కాబట్టి సీసా నీళ్లు కొనుక్కుంటాం, ఆ సీసాల మీదా ఇదే మాట ఉంటుంది. గాలికి డబ్బులు తీసుకుంటున్నాడని దుకాణదారుడి మీదికి వెళ్లకండి.

బాబాయి: అయితే పనస రసం అన్నమాట.

పిన్ని: "పనస్" అంటే వేడి! లోవినా దగ్గర బంజార్ అనే ఊళ్లో గంధకం కలిసిన వేడినీటి బుగ్గలున్నాయి, ఆ నీళ్లు రాతి నాగుల నోళ్లలోంచి కొలనులోకి పడతాయి. అక్కడికే మనం వెళ్తున్నాం.

బాబాయి: పనస వేడి చేస్తుందని మా అమ్మ చెబితే ఆ రోజు నువ్వు నవ్వావు. ఇప్పుడు చూడు, ఒక దేశం దేశమే ఆ మాటను భాషలో పెట్టుకుంది!

పిన్ని: మీ అమ్మగారు నాకొక్కదానికే అత్తగారనుకున్నాను, ఇండొనేషియాకు కూడానా! అక్కడ పనసను "నంకా" అంటారు.

బాబాయి: లంక పేరు చెప్పి నన్ను దారి మళ్లించకు.

(పిన్ని ఇక్కడ పాస్‌పోర్టులు తెరిచి, దిగే నాటికి ఇంకా ఆరు నెలల గడువు ఉందో లేదో వేళ్ల మీద లెక్కపెట్టింది. ఆ లెక్క పనసకు సంబంధించింది కాదు గనుక బాబాయి పట్టించుకోలేదు.)

పిన్ని: వీసాకు మనిషికి 5 లక్షల రుపియాలు, 2024 ఫిబ్రవరి నుంచి వసూలు చేస్తున్న పర్యాటక రుసుము మరో లక్షా 50 వేలు. గుండె పట్టుకోకండి, వీసా మన డబ్బుల్లో సుమారు 3 వేలే. ఇక ఉలువతు గుడిలో కళ్లజోడు జాగ్రత్త. అక్కడి కోతులు దాన్ని లాక్కుని, చేతిలో పండు పెడితేగానీ తిరిగివ్వవట.

బాబాయి: అందుకే పనస తొనలు ఉండాలంటున్నాను!

పిన్ని: కోతికి కూడా తొన వలిచే పెట్టేట్టున్నారు. నాకు ఎప్పుడైనా వలిచారా?

బాబాయి: ముప్ఫై ఏళ్లుగా బంక ఎవరి చేతులకు అంటుతోంది? సరే, నీళ్లలో గంధకం ఉందన్నావు. వెండి నల్లబడుతుంది కదా, మరి నీ మెట్టెలు?

పిన్ని: నేను తీయను.

బాబాయి: తీయమని ఎవరన్నారు? కాళ్లు గట్టు మీద పెట్టుకుని స్నానం చెయ్యి.

పిన్ని: కాళ్లు గట్టు మీద, తల నీళ్లలో, తర్వాత మీరొక్కరే తిరిగిరావచ్చు.

బాబాయి: నల్లబడితే చింతపండుతో నేనే తోముతాను. అసలు విమానాశ్రయం నుంచి అంత దూరం వెళ్లి మరీ వేడినీళ్లలో దిగడం ఎందుకు? మనింట్లో గీజరు లేదా?

పిన్ని: మెట్లు దిగేటప్పుడు మీ మోకాళ్లు చేసే చప్పుడు గీజరుకు వినపడదు, నాకు వినపడుతుంది.

(బాబాయి ఏమీ అనకుండా కత్తిపీట తీసుకెళ్లి వంటింట్లో పెట్టి వచ్చాడు. పిన్ని నూనె సీసాను పాత తువ్వాలులో చుట్టి, చేతిసంచిలోంచి పెద్ద పెట్టెలోకి మార్చింది.)

బాబాయి: అది దేనికి?

పిన్ని: స్నానమయ్యాక మీ మోకాళ్లకు పట్టించడానికి.

బాబాయి: అంతా అయిపోగొట్టకు, తొనలు వలవడానికి కాస్త ఉంచు.