ఫోన్ లాక్కోవడం గారికి బహిరంగ లేఖ

అయ్యా,

ముందుగా మీ చురుకుదనానికి జోహార్లు. "గ్రూపులో నన్ను ఏడిపిస్తున్నారు" అని పిల్ల నోరు తెరిచిందో లేదో, ఫోన్ బీరువాలో, తాళంచెవి మీ జేబులో! ఏడిపించినవాడి ఫోన్ మాత్రం వాడి దగ్గరే భద్రం.

దీనివల్ల ఒక సౌకర్యం ఉంది లెండి. వచ్చేసారి పిల్ల చెప్పదు. ఫోన్ పోతుందన్న భయంతోనే చాలామంది ఇలాంటివి దాస్తారు. ఫిర్యాదు లేదు కనుక ఇల్లు ప్రశాంతం.

ఈలోగా అవతలివాడు పోస్టులన్నీ చెరిపేసుకుంటాడు, సాక్ష్యం గోవిందా. యూజర్‌నేమ్, తేదీ, సమయం, ముందువెనకల సంభాషణ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి, లింకు దాచి, రిపోర్ట్ కొట్టి, ఆ తర్వాత కదా బ్లాక్ చేయాలి? ముందే బ్లాక్ చేస్తే కొన్ని యాప్‌లలో పాత చాట్ చేతికందదు. ఎదురు తిట్లు అసలే వద్దు. రాస్తే రేపు స్క్రీన్‌షాట్ చూపించేది వాడే.

బ్లాక్ చేస్తే క్లాసులో ఇంకా రెచ్చిపోతాడంటారా? ఇన్‌స్టాగ్రామ్‌లో 2019 నుంచి 'రెస్ట్రిక్ట్' ఉంది. మనం ఒప్పుకుంటే తప్ప వాడి కామెంట్ వాడికొక్కడికే కనబడుతుంది. ఆ ముక్క వాడికి తెలియదు. గోడకి కథ చెప్పుకుంటూ కూర్చుంటాడు.

నగ్నచిత్రంతో బెదిరిస్తుంటే మాత్రం ఆ ఫొటోను సాక్ష్యమంటూ ఎవరికీ పంపకూడదు. బెదిరింపు మాటలు దాస్తే చాలు. 18 ఏళ్లు నిండకముందు తీసిన అలాంటి చిత్రాలను నెట్‌లోంచి తీయించడానికి సాయపడే 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. ఫొటో ఫోన్ దాటదు. దాని డిజిటల్ వేలిముద్ర, అంటే ఆ ఫొటోను గుర్తుపట్టే కోడ్ మాత్రమే ఆ సేవలో చేరిన కంపెనీలకు వెళ్తుంది. కానీ దానికీ ఫోన్ కావాలి. తాళంచెవి ఎక్కడ పెట్టారు?

మీ తోడల్లుడు 'పట్టించుకోకు' గారికీ ఓ మాట. పట్టించుకోకుండా ఉండగలిగితే పిల్ల మీ దాకా వచ్చేదే కాదు. "చెప్పి మంచిపని చేశావు" అని పది నిమిషాలు అడ్డు రాకుండా వినండి. "నువ్వేమన్నావు ముందు?" అని మొదలుపెట్టారో, విచారణ అక్కడితో ముగిసినట్టే. లోపల ఉన్నది సిగ్గా, కోపమా, భయమా? పేరు పెట్టగలిగితే దాని పోటు కొంత తగ్గుతుంది. గుండె దడదడలాడుతుంటే నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి, రెండు నిమిషాలు. వదిలే ఊపిరి పొడుగ్గా ఉండాలి, కిటుకంతా అందులోనే.

లాక్కోవడం గారూ, మీకు ఉద్యోగం పూర్తిగా పోలేదు. రాత్రి నిద్రవేళకు ఫోన్లన్నీ హాల్లో బుట్టలో పెట్టించండి, శిక్షగా కాదు, ఒప్పందంగా. అందులో అమ్మదీ నాన్నదీ కూడా పడాలి. ఈ షరతు చదవగానే మీరు సెలవు చీటీ రాస్తారని తెలుసు.

ఇట్లు,
బీరువా ముందు నిలబడ్డవాళ్లు