అప్పులన్నీ తీర్చి మరీ మునిగిన కంపెనీ

జర్మన్ కార్ల చరిత్ర రాసినవాళ్ళంతా గెలిచినవాళ్ళ పల్లకీ మోసినవాళ్ళే. కనుమరుగైన కంపెనీలకు న్యాయం చేసే బృహత్కార్యానికి ఈ వ్యాసకర్త నడుం బిగించాడు.

ముందుగా విమానాలు చేసే మెసర్‌ష్మిట్. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓడాక విమానాలు తయారుచేయొద్దని ఆంక్ష పెడితే, రెక్కల్లేని విమానంలాంటి మూడు చక్రాల బండి చేసింది. 1955 నాటి కేఆర్200లో పైమూత పక్కకు ఎత్తి, ఒకరి వెనక ఒకరు కూర్చోవాలి. వెనక్కి వెళ్ళాలంటే ఇంజన్ ఆపేసి, అది ఉల్టా తిరిగేలా మళ్ళీ స్టార్ట్ చేయాలి. అందుకే రివర్స్‌లోనూ 4 గేర్లు! ముందుకెంత జోరో వెనక్కీ అంతే జోరు: ఇలాంటి ప్రగతి ప్రభుత్వ పథకాల్లో తప్ప మరెక్కడా చూడం.

న్యూరెంబర్గ్‌లో మోటార్‌సైకిళ్ళు చేసే త్సుండాప్ 1957లో యానస్ అనే కారు తెచ్చింది. ముందొక తలుపు, వెనకొక తలుపు. వెనక సీటువాళ్ళు వెనక్కే తిరిగి కూర్చుంటారు. "బ్రేకు, బ్రేకు!" అని అరిచేవాళ్ళకు రోడ్డే కనపడకుండా చేసిన ఆ మహానుభావుడికి శాలువా కప్పాల్సింది పోయి, జనం 7 వేల కార్లు కూడా కొనలేదు. మరుసటి ఏడాదే ఆ కారు తయారీకి మూత.

అసలు విషాదం బ్రెమెన్‌ది. అక్కడ కార్ల్ బోర్గ్‌వార్డ్‌కు ఒకే ఊళ్ళో మూడు కంపెనీలు: బోర్గ్‌వార్డ్, గోలియత్, లాయిడ్. వాటిలో లాయిడ్ యుద్ధం తర్వాత తెచ్చిన తొలి కారుకు ప్లైవుడ్ బాడీ, దాని మీద రెక్సిన్. "చావుకు భయపడనివాడే లాయిడ్ నడుపుతాడు" అని జనం పాట కట్టారు. అయినా కొన్నారు. బోర్గ్‌వార్డ్ పేరుతో వచ్చిన ఇసాబెల్లా అయితే 2 లక్షల కార్లు దాటింది. కానీ ఎవరి ఇంజనీర్లు వాళ్ళకే, ఎవరి డీలర్లు వాళ్ళకే. అన్నదమ్ముల వాటాలు తెగని ఇంట్లోలాగా ఖర్చు మాత్రం అందరిదీ.

1961లో డబ్బుకు కటకట వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కంపెనీని చేతిలోకి తీసుకుని, పర్యవేక్షక మండలి అధ్యక్షుడిగా యోహానెస్ సెమ్లర్‌ను కూర్చోబెట్టింది. ఆయన అప్పటికే బీఎండబ్ల్యూలోనూ అదే కుర్చీలో ఉన్నాడు. అనుభవజ్ఞుడన్నమాట! అదే ఏడాది కంపెనీ దివాలా తీసింది. లెక్కలు తేలాక చూస్తే, అప్పులవాళ్ళందరికీ పూర్తిగా చెల్లించేంత ఆస్తి ఉంది. చెల్లించారు కూడా. అప్పులు ఎగ్గొట్టి లండన్ విమానం ఎక్కే పెద్దమనుషులను చూసిన మనకు ఇదేం దివాలానో బుర్రకెక్కదు.

బోర్గ్‌వార్డ్ 1963లో కన్నుమూశాడు. ఇసాబెల్లా ఖాళీ చేసిన మధ్యతరగతి మార్కెట్‌కు అతికినట్టు సరిపోయే 1500 మోడల్‌ను బీఎండబ్ల్యూ 1961లోనే ఫ్రాంక్‌ఫర్ట్ షోలో పెట్టింది. కాకతాళీయమని పెద్దలంటారు. లాయరు ఫీజు కట్టే స్తోమత లేదు కాబట్టి ఈ వ్యాసకర్త మాటా అదే.