అలకపాన్పు దిగని అల్లుడు గారికి

మహారాజశ్రీ సైక్లోక్రాస్ అల్లుడు గారి దివ్యసముఖానికి మీ మామ వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. మీ క్షేమ సమాచారాలు తెలియజేయమని అడగను. తమరు నాకు మూడడుగుల దూరంలో, బెల్జియంలోని మా గెంట్ ఫ్లాటు హాల్లో గోడకి వేలాడుతూనే ఉన్నారు. మొన్న ఆదివారం నాటి బురద కింద పరిచిన దుప్పటి మీద ఇంకా పెచ్చులుపెచ్చులుగా రాలుతోంది. ఆ దుప్పటి మా ఆవిడకి పెళ్ళిలో వాళ్ళ మేనత్త పెట్టింది. ఈ సంగతి ఆవిడ రోజుకి రెండుసార్లు చెబుతోంది కాబట్టి ముందే రాసేశాను.

మా ఊళ్ళో ఒకప్పుడు కొత్త అల్లుడు అలకపాన్పు ఎక్కితే సైకిల్ అడిగేవాడు. మామగారు అప్పోసప్పో చేసి కొనిపెడితే దిగేవాడు. ఇప్పుడు సైకిలే, అదీ పొలాల్లో బురదలో పోటీలు తొక్కే సైక్లోక్రాస్ సైకిలే, అలకపాన్పు ఎక్కింది. మాకు ఆడపిల్ల లేకపోయినా ఇల్లరికపు అల్లుడు మాత్రం దొరికాడు.

సంబంధం కుదిర్చిన షాపాయన పెళ్ళిళ్ళ పేరయ్యకి ఏమాత్రం తీసిపోడు. “ఆదివారం పోటీ, సోమవారం ఆఫీసు, శనివారం బజారు. ఇదొక్కటుంటే ఇంకోటి అక్కర్లేదు” అన్నాడు. రెండు నెలల ఇంటద్దె అంత కట్నం ముట్టజెప్పాను.

వంశం కూడా విచారించకపోలేదు. 1902లో ఫ్రాన్సులో డానియల్ గూసో అనే ఆయన మొదటి జాతీయ సైక్లోక్రాస్ పోటీ పెట్టించాడట. 1910లో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పోటీ గెలిచిన ఆక్టావ్ లాపీజ్ చలికాలమంతా బురదలో తొక్కే రాటుదేలాడట. ఇక ఇక్కడి ఫ్లెమిష్ వాళ్ళు మిమ్మల్ని ‘వెల్డ్‌రైడెన్’ అంటారు, అంటే పొలంలో సవారీ. ఎరిక్ డి వ్లామింక్ ఏడుసార్లు ప్రపంచ విజేత. ఇంత పేరున్న వంశంలో ఒక్క మచ్చ: 2016లో జోల్డర్ ప్రపంచ పోటీల్లో మీ దాయాది ఒకరు కడుపులో మోటారు దాచుకుని పట్టుబడ్డారు. తమరి కడుపులో కూడా ఏమైనా ఉందేమోనని తట్టి చూశాను. నా మొదటి పోటీ అయ్యాక ఆ అనుమానం పూర్తిగా తీరిపోయింది.

మొదటి సోమవారమే మీ గుణం బయటపడింది. గెంట్‌లో వాన మనూళ్ళో వానలా వచ్చి వెళ్ళిపోదు, ముసురు పట్టిందంటే చుట్టం లాగా కూర్చుంటుంది. మీకు మడ్‌గార్డు లేదు. పెట్టుకుందామంటే ఫ్రేములో దానికి మర రంధ్రాలే లేవు. వెనక చక్రం నీళ్ళూ బురదా కలిపి నా నడుము దగ్గర మొదలెట్టి మెడ దాకా ఒక చార గీసింది. ఆఫీసులో మీటింగంతా గోడకి వీపు ఆనించి నిలబడే ఉన్నాను. మర్నాడు ప్లాస్టిక్ మడ్‌గార్డు కొని ప్లాస్టిక్ తాళ్ళతో కట్టాను. ఊరి నడిబొడ్డున కోరెన్‌మార్క్ట్ దగ్గర ట్రామ్ పట్టాలు దాటుతుంటే అది జారి చక్రంలో పడి పటపటమంది. అక్కడ బయట కూర్చుని కాఫీ తాగుతున్న వాళ్ళందరూ తలలు తిప్పి చూశారు. తమరు మాత్రం ఏమీ ఎరగనట్టు గోడకి ఒరిగారు. ఎందుకంటే మీకు స్టాండు కూడా లేదు. ఎక్కడికెళ్ళినా ఒరగడానికి ఒక గోడ చూపించాలి.

బజారు సంగతి చెప్పాలంటే, క్యారియర్ లేదు. అయిదు కిలోల ఉల్లిపాయల సంచీ హ్యాండిల్‌కి తగిలిస్తే ప్రతి మలుపులోనూ ముందు చక్రానికి కొట్టుకుంది. మా నాన్న సైకిల్ ఇరవై కిలోలుండేది. వెనక వడ్ల బస్తా, ముందు కడ్డీ మీద నేను, హ్యాండిల్‌కి పాల క్యాను. దాన్ని బహుముఖ ప్రజ్ఞాశాలి అని ఎవరూ పొగడలేదు. పాపం, దానికి ఆ మాట తెలీదు.

సరే, ఆదివారమైనా మర్యాద దక్కుతుందనుకున్నాను. ఊరవతల పొలంలో 40 నిమిషాల చిన్న పోటీ. మొదటి చుట్టులోనే బురద గట్టు వచ్చింది, తమరు మొరాయించారు, నేను దిగి మిమ్మల్ని భుజాన వేసుకుని పరుగెత్తాను. తర్వాత 40 సెంటీమీటర్ల ఎత్తు చెక్కలు రెండు. మళ్ళీ దిగాను, మళ్ళీ ఎత్తాను. ఆరో చుట్టుకి లెక్క తేలింది: సైకిల్ నన్ను మోసిన దూరం కంటే నేను సైకిల్‌ని మోసిన దూరమే బాగా గుర్తుంది. పల్లకీలో పెళ్ళికొడుకుని మోసే బోయీలకి కనీసం మారు మనుషులుంటారు.

ఇంకో నిజం నవంబర్ 1న కోపెన్‌బెర్గ్ సైక్లోక్రాస్ పోటీ చూడ్డానికి ఊడెనార్డె వెళ్ళినప్పుడు తెలిసింది. బురద ఎక్కువైన రోజున ఛాంపియన్లు చుట్టుకి రెండుసార్లు సైకిల్ మారుస్తారు. బురద సైకిల్ ఇచ్చి కడిగింది తీసుకుంటారు. వెనకాల మెకానిక్కులు నీళ్ళ గొట్టాలతో ఒకటే కడుగుడు. గంటసేపు తొక్కడానికి వాళ్ళకే ఒక్క సైకిల్ చాలదు. నాకు మాత్రం పోటీకీ, ఆఫీసుకీ, ఉల్లిపాయలకీ కలిపి ఒక్కటే చాలన్నారు!

తప్పు పూర్తిగా మీది కాదులెండి. నేనే అడగాల్సినవి అడగలేదు. మడ్‌గార్డుకీ క్యారియర్‌కీ రంధ్రాలున్నాయా అని మొట్టమొదట అడగాలి. అవి లేని సైకిల్ ఆదివారం సైకిలే, దానికి మిగతా ఆరు రోజులతో పని లేదు. ఫ్రేము కార్బన్ అని మురిసిపోయాను. రోజూ రైలు స్టేషన్ స్టాండులో నలభై సైకిళ్ళ మధ్య ఒరుసుకునే దానికి అల్యూమినియమో స్టీలో అయితే గీత పడ్డా గుండె ఆగదు. పెడళ్ళ ఇరుసు మర తిప్పి బిగించేది కావాలి. గుద్ది కూర్చోబెట్టేది బురద తిన్నాక కిర్రుకిర్రుమంటుంది, మీది ఇప్పటికే అంటోంది. అంతర్జాతీయ పోటీల్లో టైరు 33 మిల్లీమీటర్లు దాటకూడదు కాబట్టి మీకు సన్నగా ఉండటం గొప్ప. రోజువారీ రోడ్డుకి 38, 40 పట్టే సందు ఫ్రేములో ఉందా అని స్కేలు పెట్టి చూడాల్సింది. ముందు పళ్ళచక్రం ఒకటే, 40 పళ్ళు. చదును రోడ్డు మీద వెనక నుంచి గాలి తోస్తే కాళ్ళు గిరగిరా తిరుగుతాయి, బండి మాత్రం అంతే పోతుంది.

వీటన్నిటి కంటే ముందు రెండో జత చక్రాలు కొనాలి. ఒక జతకి గుబ్బల టైర్లు, ఇంకో జతకి నున్నటివి. గుబ్బల టైరుకి బురదలో తక్కువ గాలి, 1.5 బార్ ఒత్తిడి, చాలు. అదే టైరుతో ఆఫీసుకి వెళ్తే వీధి పొడుగునా మిక్సీ తిరుగుతున్న చప్పుడు, నెలకే గుబ్బలు అరిగి నున్నబడతాయి. ఆ రెండో జత ధర చెప్పినప్పుడు షాపాయన ముఖంలో కనబడిన సంతోషం నేను మా పెళ్ళిలో పురోహితుడి ముఖంలో కూడా చూళ్ళేదు.

మీలో మంచి లేదనను. డిస్క్ బ్రేకులు వానలో నొక్కితే నొక్కిన చోట ఆగుతాయి. బండరాళ్ళు పరిచిన వీధుల్లో నా పళ్ళు ఇంకా నోట్లోనే ఉన్నాయంటే మీ పుణ్యమే. ఇక పై పైపుకి అడుగున చదునుగా చేసి, బ్రేకు తీగలు భుజానికి గుచ్చుకోకుండా అమర్చారు చూశారా, ఆ తెలివికి దణ్ణం పెట్టాలి. మాది లిఫ్టు లేని మూడో అంతస్తు. పోటీలో నేర్చుకున్న ఆ విద్య ఒక్కటే నాకు రోజూ అక్కరకొస్తోంది.

ఇంతకీ ఈ ఉత్తరం ఎందుకంటే, ఇంటికి చిన్నల్లుడు వచ్చాడు. పాతసామాన్ల సంతలో దొరికాడు. నల్లటి మనిషి, కాస్త తుప్పు. మడ్‌గార్డులున్నాయి, చైనుకి డబ్బా ఉంది, డైనమో ఉంది, క్యారియర్ మీద నేను కూర్చున్నా వంగలేదు. పెడల్ వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుంది. చూడ్డానికి అచ్చం మా నాన్న సైకిలే. కింద వీధిలో వానలో తడుస్తున్నాడు, ఒక్క మాట అనలేదు. వచ్చిన నాడే మా ఆవిడ నాకు పాత చీర ముక్క ఇచ్చి అతన్ని తుడవమంది. మీకు పెళ్ళినాటి దుప్పటి పరిచిందే గానీ, మిమ్మల్ని ఒక్కసారి ముట్టుకున్నది లేదు.

మీరు నొచ్చుకోకండి. ఆదివారాలు మీవే.

ఇట్లు,
మీ మామ, ఉరఫ్ బోయీ

తా.క.: ఉల్లిపాయలు నిండుకున్నాయి. చిన్నల్లుడు వెళ్తాడు. తమరు లేవకండి.