అభినవ శంకరన్‌కు ఆత్మీయ వీడ్కోలు

అఖిల భారత సర్వీసుల ప్రవర్తనా నియమావళి, 1968లో 12వ నియమం ఒకటుంది. ప్రభుత్వ అనుమతి లేకుండా అధికారులెవరూ ప్రశంసాపత్రాలు గానీ వీడ్కోలు పత్రాలు గానీ స్వీకరించరాదనీ, తమ గౌరవార్థం జరిగే సభలకు హాజరు కారాదనీ దాని సారాంశం. బదిలీ సందర్భంగానో పదవీ విరమణ సందర్భంగానో జరిగే వీడ్కోలు విందుకు మినహాయింపు ఉంది కానీ, అది నలుగురి మధ్య, ఆర్భాటం లేకుండా జరగాలి. ఈ మధ్య చిక్కడపల్లిలోని ఒక హాలులో అటువంటి కార్యక్రమానికి నేనూ వెళ్లాను. నిండిన కుర్చీలు, రెండు వీడియో కెమెరాలు, ఒక నాదస్వర బృందం, రోడ్డు మలుపు నుంచి గుమ్మం దాకా ఫ్లెక్సీలు తప్ప ఆర్భాటమనదగినదేదీ అక్కడ నాకు కనిపించలేదని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను.

సన్మాన గ్రహీతకు తెలుగు అంతంతమాత్రం. ఆయన సేవలకు నగరంలోని కాలనీ సంఘాలన్నీ కృతజ్ఞతా లేఖలు సమర్పించదలచాయి కనుక, విశ్రాంత తెలుగు పండితుడొకరు వాటిని వరుసగా చదివారు. ‘అపర భగీరథా!’ అని ఆయన గొంతెత్తగానే వెనక నిలబడ్డ పీఏ వంగి సారు చెవిలో ఏదో చెప్పేవారు, సారు తల పంకించేవారు. ‘కరుణాసముద్రా!’ అనగానే మళ్లీ చెవి, మళ్లీ తల. ‘అజాతశత్రూ!’ దగ్గర పీఏ కాసేపు తటపటాయించి, చివరికి ‘గుడ్, సర్’ అని సరిపెట్టారు. లేఖలన్నీ ఒకే డీటీపీ సెంటర్లో తయారైనందువల్ల రెండో పేరా అన్నింటిలోనూ ఒకటే. ‘మా గ్రామ చెరువుకు జలకళ తెచ్చిన మహనీయా’ అని ఒక అపార్టుమెంటు సంఘం తరఫున కూడా చదివారు. సభ ఉలిక్కిపడలేదు. ఆ అపార్టుమెంటు కట్టింది చెరువు శిఖంలోనే, అంటే నీళ్లు నిలిచే చోటే కనుక, వానాకాలం వరకైనా ఆ మాటలో అబద్ధం లేదు.

లేఖకొక శాలువా చొప్పున కప్పారు. కప్పినవారు ఫొటో దిగి పక్కకు తప్పుకోగానే అటెండరు దాన్ని లాగి, మడిచి, బల్ల కింద పెట్టడం, తరువాతి సంఘం వారు తమది విప్పడం, ఈ క్రమం ఎంత పకడ్బందీగా సాగిందంటే, ఫైళ్లు ఇందులో సగం వేగంతో కదిలినా ఈ నగరం బాగుపడేదనిపించింది. ఆఖరి లేఖను నాలుగడుగుల బంగారు రంగు ఫ్రేములో బిగించి తెచ్చారు. అది కారు డిక్కీలో పట్టలేదు. వెనక సీటు మీద ఏటవాలుగా పెడితే తలుపు పడలేదు. ముందు సీటులో పెడదామంటే సారు గన్‌మ్యాన్ ఎక్కడ కూర్చోవాలన్న ప్రశ్న వచ్చింది. చివరికి అటెండరు దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆటోలో కారు వెంట బయలుదేరాడు. ఆటో కిరాయి ఏ సంఘం ఇవ్వాలన్న విషయం మీద ముగ్గురు అధ్యక్షులు మెట్ల మీదే సమావేశమయ్యారు.

ఇంతవరకే అయితే నవ్వుకుని ఇంటికి వచ్చేవాణ్ణి. మధ్యలో ‘లబ్ధిదారుల స్పందన’ అని ఒక అంశం పెట్టారు. భర్త పోయిన ఒకావిడను వేదిక ఎక్కించి చేతికొక కాగితమిచ్చారు. ఆమెకు చదువు రాదని అప్పుడు తెలిసింది. కార్యకర్త ఒకాయన పక్కన నిలబడి ఒక్కో ముక్క అందిస్తుంటే, కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని ఆమె పలికింది: ‘సారు దయ వల్ల... నాకు పింఛను... మంజూరైంది.’ చప్పట్లు మోగాయి. దయ ఏమిటి? వితంతు పింఛను ఏ అధికారి జేబులోంచి వస్తోంది? ఆమె దరఖాస్తు ఏ బల్ల మీద ఎన్నాళ్లు పడి ఉందో, ఎన్నిసార్లు ‘రేపు రామ్మా’ అన్నారో చెప్పే లేఖను ఆ పండితుడు చదవలేదేం? చట్టం ఇచ్చినదాన్ని అడుక్కుని, ఆలస్యంగా పుచ్చుకుని, ఆ ఆలస్యానికి కూడా దండం పెట్టాలా? సిగ్గుపడవలసిన వాళ్లు ముందు వరుసలో కూర్చుని జీడిపప్పు తింటున్నారు.

అప్పుడే పండితుడు ఆ ఫ్రేము లేఖలోని చివరి సంబోధన చదివారు: ‘అభినవ శంకరన్!’

అంటే ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చాక, ఆ చట్టాన్ని ఆఫీసు బీరువాలో దాచకుండా దళితవాడలకు తీసుకువెళ్లి కూలీలకే వినిపించిన మనిషి. అది ఏలినవారికి కంటగింపైతే కుర్చీ వదిలి సెలవు మీద వెళ్లిన మనిషి. పెళ్లి చేసుకోకుండా, జీతంలోంచి, ఆ తరువాత పింఛనులోంచి పేద పిల్లలను చదివించిన మనిషి. పదవీ విరమణ తరువాత సఫాయి కర్మచారీ ఆందోళన్‌తో కలిసి పాకీపని నిర్మూలన కోసం పాటుపడి, 2010 అక్టోబరు 7న ఈ హైదరాబాదులోనే కన్నుమూసిన మనిషి. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నవాడి పేరును పట్టుకొచ్చి శాలువాల గుట్ట మీద నిలబెడతారా? మీ భగీరథులు, కరుణాసముద్రాలు ఎన్నైనా వాడుకోండి, వాటికి అడిగే దిక్కు లేదు. ఆ ఒక్క పేరు మాత్రం ముట్టుకోకండి.

కనుక 12వ నియమానికి ఒక చిన్న సవరణను ప్రభుత్వానికి సవినయంగా సూచిస్తున్నాను. అధికారికి కృతజ్ఞతా లేఖ రాయదలచినవారు ఆయన కుర్చీ దిగిన ఏడాదికి, ఇంటి చిరునామాకు, మామూలు తపాలాలో పంపవలెను. రాసేవారి పని ఏదీ ఆ కార్యాలయంలో పెండింగులో ఉండరాదు. ఫ్రేము నిషిద్ధం. ఈ ముసాయిదాను మెట్ల మీది అధ్యక్షుల్లో ఒకరికి వినిపించాను. ఆయన శ్రద్ధగా విని, నిజంగానే ఇబ్బంది పడుతూ అడిగారు: ‘ఏడాది తరువాత ఆయన ఎక్కడుంటారో మాకెట్ల తెలుస్తదండీ?’