అలల చప్పుడు విననివ్వండి బాబూ!

ఆదివారం పొద్దున్నే విశాఖ నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డు పట్టుకుని, బుద్ధి పుట్టిన చోటల్లా ఆగుతూ వెళ్దామంటే ప్రాణం విసిగిపోతోంది. ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగామా, పెళ్లి షూటింగువాళ్లు "అన్నా, ఫ్రేమ్‌లోంచి తప్పుకోండి" అంటారు. వేల ఏళ్లుగా గాలీ వానా చెక్కిన దిబ్బలవి. వాటి అంచుల మీదే ఎక్కి జారుతున్నారు! సరుగుడు తోటలో దుప్పటి పరుద్దామంటే ఇసుకలో పగిలిన బీరు సీసాలు, నూనె కారే బిర్యానీ డబ్బాలు. పిల్లల్ని చెప్పులు విప్పనివ్వాలంటే టెన్షన్. ఇక ఆ బ్లూటూత్ స్పీకర్లు... అలల హోరు కోసం ఇంత దూరం వస్తే పక్క బ్యాచ్ డీజే పాటలు! తగ్గించమంటే "బీచ్ మీ తాతదా?" అని ఎదురు ప్రశ్న. మా తాతది కాదు నాయనా, మీ తాతదీ కాదు. కనీసం ఆ సీసాలైనా తీసుకెళ్లండి.