కుజుడు ఇల్లు మారాడు

పోయినేడాది మా అక్క కొడుక్కి ఒక సంబంధం వచ్చింది. పిల్లాడు పుట్టింది ఇక్కడే, న్యూజెర్సీలో, జులై నెలలో. ఇక తాంబూలాలే అనుకుంటుండగా అమ్మాయి వాళ్ళు ఫోన్ చేశారు. "జాతకంలో ఎనిమిదో ఇంట కుజుడున్నాడండీ, కుజదోషమట, మా సిద్ధాంతిగారు వద్దన్నారు." అక్క రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఆ జాతకచక్రం తెప్పించి చూస్తే సంగతి బయటపడింది. ఆస్పత్రి కాగితంలో ఉన్న టైమ్‌ని అలాగే వేసేశారు. వేసవిలో ఇక్కడ గడియారాలు ముందుకి జరిపే డేలైట్ సేవింగ్ గంట తీసెయ్యలేదు. ఇళ్ళు లెక్కపెట్టేది లగ్నం నుంచి, అంటే పుట్టిన వేళకి తూర్పున ఉదయిస్తున్న రాశి నుంచి. ఆ గంట తీస్తే లగ్నం ఒక రాశి వెనక్కి వెళ్ళింది, కుజుడు తొమ్మిదో ఇంటికి మారాడు. దోషం పోయింది. కానీ అంతకుముందే సంబంధమూ పోయింది.

ఈ కథ చెబితే ఒక పెద్దాయన నన్ను, "నీకు దేవుడి మీద నమ్మకం లేదా?" అని అడిగారు. నా పేచీ అక్కడే. రోజూ దీపం పెడతాను, కార్తీక సోమవారాలు ఉపవాసం ఉంటాను. జాతకాన్ని అనుమానిస్తే దేవుణ్ణి అనుమానించినట్టు ఎలా అవుతుంది?

జ్యోతిషం వేదాంగం, వేదానికి తోడుగా చదివే ఆరు శాస్త్రాల్లో ఒకటి కదా అంటారు. అవును. అయితే లగధుడి పేరున్న వేదాంగ జ్యోతిషం తీసి చూడండి. యజ్ఞం ఎప్పుడు చెయ్యాలో తేల్చే లెక్కలే అందులో ఉంటాయి. తిథులు, నక్షత్రాలు, ఐదేళ్ళ యుగం, 366 రోజుల ఏడాది. పన్నెండిళ్ళ జాతకచక్రం అందులో లేదు. అది తర్వాతి కాలానిది, గ్రీకుల చెయ్యి కూడా పడింది. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహజ్జాతకంలో మేషాన్ని క్రియ అనీ, వృషభాన్ని తావురి అనీ గ్రీకు పేర్లతో చెప్పాడు. యవనులు, అంటే ఆ గ్రీకులు, మ్లేచ్ఛులే అయినా ఈ శాస్త్రం తెలిసినవాళ్ళు కాబట్టి ఋషుల్లా పూజ్యులని బృహత్సంహితలో ఒప్పుకున్నాడు. ఆయనకి లేని మొహమాటం మనకెందుకో!

గుడిలో సంకల్పం చెప్పేటప్పుడు అయ్యవారు "క్రౌంచద్వీపే, రమణకవర్షే, ఐంద్రఖండే" అని మనల్ని అమెరికాలో కూర్చోబెట్టి, ఆనాటి తిథి, వార, నక్షత్రాలు చెబుతారు. పూజకు కావలసిన జ్యోతిషం అది. అర్చనకి మన నక్షత్రం కూడా అడుగుతారు నిజమే, కానీ గోత్రం అడిగినట్టే, ఎవరమో చెప్పుకోవడానికి. కుజుడు ఏ ఇంట ఉన్నాడని ఏ అర్చకుడూ హారతి పళ్ళెం వెనక్కి లాక్కోడు.

అసలు ఆ కుజదోషం లెక్క చూడండి. కుజుడు ఉండకూడని ఇళ్ళు 2, 4, 7, 8, 12, అంటే పన్నెండిళ్ళలో ఐదు. లగ్నం నుంచి తప్పించుకున్నా చంద్రుడి నుంచి, శుక్రుడి నుంచి చూసేవాళ్ళున్నారు. మినహాయింపులు కూడా శాస్త్రంలోనే పెట్టారు కాబట్టి సరిపోయింది, లేకపోతే మన ఊళ్ళల్లో సగం పెళ్ళిళ్ళు జరిగేవి కావు.

మా అమ్మ ప్రతి ఉగాదికీ పంచాంగ శ్రవణానికి వెళ్ళేది. ఆదాయం 2, వ్యయం 14 అని చదివితే, "మీ నాన్న జీతం సంగతి ఈయనకెలా తెలిసిందే" అని నవ్వుతూ పులిహోర తినేసి వచ్చేది. అమ్మకన్నా భక్తురాలిని నేను చూడలేదు.

అక్క మాత్రం మళ్ళీ సంబంధాలు చూస్తోంది. బయోడేటాలో పుట్టిన టైమ్ పక్కనే ఇప్పుడు "గంట తీసి వెయ్యాలి" అని ఎర్ర అక్షరాల్లో రాసి పంపుతోంది.